కాన్వీ కోట, ఉత్తర వేల్స్: లోపలికి వెళ్లినవాళ్లు ఏం చూడాలి? (చరిత్ర, కట్టడం మీద చర్చ)

వేణు_చెస్టర్ · శనివారం, ఉదయం 9:20

మాంచెస్టర్, లివర్‌పూల్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు సెలవు దొరికితే చాలు, స్నోడోనియా కొండలకో లాండుడ్నో బీచికో బండి తీస్తారు. దారిలోనే కాన్వీ. వంతెన దగ్గర ఆగి ఒక ఫొటో, టికెట్ కొన్నవాళ్లైతే బురుజు మీద ఇంకో నాలుగు, అంతటితో సరి. 13వ శతాబ్దపు కోట, దాంతో పాటు కట్టిన ఊరి ప్రాకారం, రెండూ ఇంత నిండుగా మిగిలిన చోట్లు చాలా తక్కువ. అలాంటిదాన్ని అలా దాటిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. తెలిసినంత రాస్తున్నాను, మీరూ కలపండి.

ముందు కథ. 1282 డిసెంబరులో వేల్స్ యువరాజు లివెలిన్ ఆప్ గ్రిఫిద్ ఇంగ్లీషు సేనతో పోరులో చనిపోయాడు. మరుసటి మార్చికల్లా ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ కాన్వీ నది ఒడ్డున దిగాడు. నది సముద్రంలో కలిసే చోట నీళ్లకు ఆనుకుని ఒక సన్నటి రాతిగుట్ట ఉంది. అది చూడగానే కోటకు నిర్ణయం అయిపోయింది. గుట్ట పక్కన అప్పటికే సిస్టర్షియన్ సన్యాసుల మఠం ఉండేది, వేల్స్ వాళ్లు ఎంతో గొప్పగా చెప్పుకునే లివెలిన్ ది గ్రేట్ (పైన చెప్పిన లివెలిన్‌కి తాత) సమాధి అందులోనే. ఎడ్వర్డ్ ఆ మఠాన్ని నది ఎగువకి, మైనాన్ అనే చోటికి పంపించేసి ఆ జాగాలో కోటా ఊరూ కట్టించాడు.

1283లో మొదలైన పని 1287కల్లా పూర్తయింది. కోట ఒక్కటే కాదు, ఊరి చుట్టూ 1.3 కిలోమీటర్ల రాతి ప్రాకారం, దానికి 21 బురుజులు, 3 ద్వారాలు కూడా. మొత్తం ఖర్చు దాదాపు 15,000 పౌండ్లు. ఆ రోజుల్లో రాజ్యం ఖజానాని కదిలించే డబ్బు అది.

కోటకి 8 బురుజులు. ఒక్కోటి దాదాపు 20 మీటర్ల ఎత్తు, గోడ మందం కొన్నిచోట్ల 4 మీటర్లు దాటుతుంది. లోపల రెండు ఆవరణలు. పడమటిది బయటి ఆవరణ: పెద్ద హాలు, వంటిల్లు, చెరసాల బురుజు. తూర్పుది లోపలి ఆవరణ: రాజు, రాణి గదులు, ప్రార్థనా మందిరం. రెండింటికీ మధ్య అడ్డగోడ, దాని ముందు రాతిలో తొలిచిన కందకం, ఎత్తేసుకునే వంతెన ఉండేవి. బయటి ఆవరణ శత్రువు చేతికి పోయినా లోపలిది విడిగా నిలబడి పోరాడగలదు. లోపలి ఆవరణ నాలుగు బురుజుల మీద మాత్రమే చిన్న చిన్న కావలి గోపురాలు కనిపిస్తాయి. రాజు ఉండే భాగం ఏదో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

ఇసుక_సున్నం · శనివారం, ఉదయం 10:05

వేణు గారూ, నేను విజయవాడలో స్ట్రక్చరల్ ఇంజనీర్ని. నాలుగు సంవత్సరాలంటే నమ్మబుద్ధి కావడం లేదు. సున్నపు గారతో కట్టే పని చలికాలంలో సాగదు. మంచు పడితే గార పట్టదు, పగిలిపోతుంది. అంటే ఏటా వేసవి, దాని అటూఇటూ కొన్ని నెలలే పని దినాలు. పునాది ఎలా వేశారు? పరంజా ఎలా కట్టారు? రాయి ఎక్కడిది?

వేణు_చెస్టర్ · శనివారం, ఉదయం 10:48

సరిగ్గా అడగాల్సినవే అడిగారు.

పునాది అంటూ వేరే పెద్ద పని లేదు, గుట్టే పునాది. గోడ మొదటి వరస రాయి నేరుగా బండ మీద కూర్చుంది. దానివల్ల ఇంకో లాభం. ఆ కాలంలో గోడ కూల్చాలంటే కిందనుంచి సొరంగం తవ్వి, చెక్క ఊతాలు పెట్టి, వాటిని తగలబెట్టేవాళ్లు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు.

రాయి ఎక్కువగా అక్కడిదే, బూడిదరంగు రాయి. కందకం తొలిచినప్పుడు వచ్చిన రాయే గోడలోకి వెళ్లింది. కిటికీ చట్రాలకీ చెక్కడాలకీ మెత్తటి రాయి కావాలి కాబట్టి అది మాత్రం పక్కనున్న క్రయితిన్ ద్వీపకల్పం నుంచీ, చెస్టర్, విరల్ వైపు నుంచీ తెప్పించారు. కిటికీల చుట్టూ రాయి రంగు తేడా ఇప్పటికీ కంటికి తెలుస్తుంది.

పరంజా సంగతి చెప్పాలంటే బురుజు దగ్గర నిలబడి పైకి చూడండి. గోడలో చదరపు కన్నాలు కనిపిస్తాయి. పరంజా దూలాలు దూర్చిన కన్నాలవి. మామూలుగా అయితే అడ్డంగా ఒకే మట్టంలో వరసలుగా ఉండాలి. ఇక్కడ గుంజకి పొట్లతీగ చుట్టుకున్నట్టు బురుజు చుట్టూ ఏటవాలుగా పైకి పోతాయి. పరంజానే వాలుబాటగా కట్టారు. రాయి, గార మోసేవాళ్లు నిచ్చెన ఎక్కే పని లేకుండా తిరుగుతూ పైకి నడిచిపోయేవాళ్లు. వేగానికి అసలు కారణాల్లో ఇదొకటని నా అభిప్రాయం. రెండోది మనుషులు. ఇంగ్లండు జిల్లా జిల్లా నుంచీ మట్టి తవ్వేవాళ్లని, వడ్రంగుల్ని, తాపీ మేస్త్రీల్ని పట్టుకొచ్చి చెస్టర్‌లో చేర్చి అక్కడినుంచి వేల్స్‌కి తోలారు.

సింధు_బ్యాంగర్ · శనివారం, మధ్యాహ్నం 12:30

ఆ ఏటవాలు కన్నాల వెనక మంచి కథ ఉంది, అది చెప్పకుండా ఉండలేను. నేను ఇక్కడే బ్యాంగర్‌లో పరిశోధన చేస్తున్నాను, ఈ కోటలే నా ప్రపంచం.

ఇంగ్లండులో అప్పటివరకూ అలాంటి పరంజా వాడుక తక్కువ. ఆల్ప్స్ కొండల పక్కనున్న సవాయ్ ప్రాంతంలో అది మామూలు. ఎడ్వర్డ్ 1273లో క్రూసేడ్ నుంచి తిరిగొస్తూ సవాయ్ కౌంటు కట్టిస్తున్న సెయింట్ జార్జ్ డెస్పెరాన్ష్ కోటలో ఆగాడు. కొన్నేళ్లకి అక్కడి మేస్త్రీ వేల్స్‌కి వచ్చాడు. ఆయనే మాస్టర్ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. ఈ బంధాన్ని ఆర్నాల్డ్ టేలర్ అనే చరిత్రకారుడు 20వ శతాబ్దంలో జీతాల పద్దులు, లెక్కల కాగితాలు తిరగేసి బయటపెట్టాడు. రెండుచోట్లా గోడలు పక్కపక్కన పెట్టి చూస్తే పరంజా కన్నాలు, మరుగుదొడ్ల తీరు, పిట్టగోడ దంతాల మీద మూడేసి రాతిమొనలు, అన్నీ కలుస్తాయి. ఆ రాతిమొనల మొదళ్లు కాన్వీలో కొన్ని చోట్ల ఇంకా ఉన్నాయి.

అయితే అంతా ఒక్క జేమ్స్ బుర్రలోంచే వచ్చిందని చెప్పడం నాకు నచ్చదు. చెస్టర్‌కి చెందిన రిచర్డ్ అనే ఇంజనీరు ఉన్నాడు, వడ్రంగి మేస్త్రీలు ఉన్నారు, రాజు స్వయంగా కోటల మీద ఆసక్తి ఉన్నవాడు. ఇలాంటి పనిలో పేరు ఒకరికే మిగలడం లెక్కల కాగితాలు ఎవరి పేరున ఉన్నాయన్నదాన్ని బట్టి జరుగుతుంది.

పొన్నూరు_కుర్రోడు · శనివారం, మధ్యాహ్నం 1:15

సింధు అక్కా, ఒక డౌటు. హార్లెక్, బొమారిస్ కోటలు చూశాను. వాటికి గోడ లోపల గోడ ఉంటుంది. కాన్వీకి ఒక్క గోడే. ఇది బలహీనం కాదా? పెద్ద సింహద్వారం కూడా లేదు.

సింధు_బ్యాంగర్ · శనివారం, మధ్యాహ్నం 1:52

గుట్ట అంత సన్నగా ఉంది తమ్ముడూ, రెండో గోడకి చోటే లేదు. బొమారిస్ చదును నేల మీద 1295లో మొదలైంది, అక్కడ గీత గీసుకున్నట్టు కట్టుకోగలిగారు (అయినా పూర్తి కాలేదు). కాన్వీలో బండ ఎటు వంగితే గోడ అటు వంగింది. పెద్ద హాలు చూడు, దక్షిణపు గోడ విల్లులా వంగి ఉంటుంది. అది సొగసు కోసం చేసింది కాదు, కింద రాయి అలా ఉంది.

సింహద్వారం బదులు రెండు చివర్లా ముందువాకిళ్లు కట్టారు, బార్బికన్ అంటారు. పడమటి వైపు ఊళ్లోంచి నిటారుగా ఒక వాలుదారి, ఎత్తేసే వంతెన, ఒక చిన్న వాకిలి, అందులోకి వచ్చినవాడి మీద చుట్టూ గోడల నుంచి బాణాలు. అది దాటితే అసలు ద్వారం. ఆ ద్వారం నెత్తిన చూడు: గోడ పైభాగం రాతి బ్రాకెట్ల మీద ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, బ్రాకెట్‌కీ బ్రాకెట్‌కీ మధ్య కన్నం. ద్వారం దగ్గరికి చేరినవాళ్ల మీదకి పైనుంచి రాళ్లు వదలడానికి. రాతితో కట్టిన ఆ ఏర్పాటు బ్రిటన్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే అన్నిటికంటే పాతది. జనం టికెట్ చూపించే హడావిడిలో తల ఎత్తకుండా దాని కిందనుంచే వెళ్లిపోతారు.

తూర్పు చివర ముందువాకిలి నది వైపు. అక్కడినుంచి నీళ్లలోకి మెట్లదారి ఉండేది, సరుకు పడవలు నేరుగా కోట కిందికి వచ్చేవి.

గుంటూరు_పెద్దాయన · శనివారం, సాయంత్రం 4:40

బాగా రాస్తున్నారమ్మా, బాబూ. నాకొకటి చెప్పండి. ఇంత కోటలో ఎంతమంది సైన్యం ఉండేవారు? తిండీ నీళ్లూ ఏమిటి?

వేణు_చెస్టర్ · శనివారం, సాయంత్రం 5:10

నమస్కారమండీ. శాంతికాలంలో నియమం ప్రకారం 30 మంది, అంతే. అందులో 15 మంది క్రాస్‌బో పట్టేవాళ్లు. మిగతావాళ్లలో వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, పూజారి, కావలివాళ్లు. మొదటి కోట అధికారి విలియం డి సికాన్. ఇంకో సంగతి, కోట అధికారి ఎవరైతే వాళ్లే ఊరికి మేయరు కూడా.

నీళ్లకి రెండు ఆవరణల మధ్య రాతిలో 28 మీటర్ల లోతు బావి ఉంది. తిండి నది మీద ఆధారపడింది. సముద్రం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్నంతకాలం కోటని ఆకలితో మాడ్చడం కుదరదన్నది లెక్క.

లక్ష్మి_టీచర్_నాగోల్ · శనివారం, రాత్రి 8:25

గోడలు, బురుజులు బాగున్నయి. కానీ మనం ఒకటి మరిచిపోవద్దు. ఇది వేల్స్ రాజులు కట్టుకున్న కోట కాదు, వేల్స్‌ని గెలిచినవాళ్లు వేల్స్ నెత్తిన కూర్చోబెట్టిన కోట. మఠాన్ని ఎత్తేసి, తమ రాజు సమాధి ఉన్న చోట పరాయి కోట లేపితే అక్కడి జనానికి ఎట్లుంటది? ప్రాకారం లోపల ఊరు కూడా ఇంగ్లండు నుంచి తెచ్చి కూర్చోబెట్టినవాళ్లకే. సంత వాళ్లది, మేయరు కోట అధికారే. నేను పిల్లలకి మధ్యయుగం చెప్పేటప్పుడు ఈ కోటని ఉదాహరణగా తీసుకుంటాను. "ఎవరు కట్టారు" అని అడిగి ఊరుకోను, "ఎవరి మీదికి కట్టారు" అని అడుగుతాను.

కాలం గుర్తుపెట్టుకోవడానికి ఒకటి: కాన్వీ గోడలు లేస్తున్న ఆ నాలుగేండ్లు ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుబడి. అంతకుమించి పోలిక పెట్టను. ఓరుగల్లు గోడ సొంత రాజధానిని కాపాడుకోవడానికి, ఇది గెలిచిన నేలని పట్టి ఉంచడానికి.

సింధు_బ్యాంగర్ · శనివారం, రాత్రి 9:03

లక్ష్మి గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఇక్కడి వెల్ష్ స్నేహితుల్లో కొందరు ఇప్పటికీ ఈ కోటల్ని గర్వంగా చూడరు. యునెస్కో 1986లో కాన్వీ, కైనార్వన్, హార్లెక్, బొమారిస్ నాలుగింటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది, పేరులోనే "ఎడ్వర్డ్ రాజు" ఉంది.

గోడల మీద సున్నం పూత గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు మనకి కనిపించే నల్లటి ముతక రాయి అప్పటివాళ్లకి కనిపించలేదు. కోటంతా తెల్లగా పూశారు, ఆ పూత ఆనవాళ్లు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. కొండల్లోంచి చూసే వెల్ష్ రైతుకి నది ఒడ్డున ఎనిమిది తెల్లటి బురుజులు ఎంత దూరానికైనా కనపడతాయి. కనపడాలనే పూశారు.

పొన్నూరు_కుర్రోడు · శనివారం, రాత్రి 9:30

మరి వేల్స్ వాళ్లు ఊరుకున్నారా? ఎప్పుడూ పట్టుకోలేదా?

వేణు_చెస్టర్ · శనివారం, రాత్రి 11:15

ఊరుకోలేదు. ఈ థ్రెడ్ మొదలుపెట్టిందే దీని కోసం, కొంచెం వివరంగా చెబుతాను.

1294 చివర్లో మాడోగ్ ఆప్ లివెలిన్ అనే వెల్ష్ నాయకుడు తిరుగుబాటు లేపాడు. అణచడానికి ఎడ్వర్డ్ స్వయంగా వచ్చాడు. నది దాటి కోటలోకి చేరాక వరద వచ్చి వెనక సైన్యం, సరుకు బండ్లు అవతలే ఉండిపోయాయి. ఆ ఏడు క్రిస్మస్‌కి ఇంగ్లండు రాజు తను కట్టించిన కోటలోనే చిక్కుకున్నాడు. తాగడానికి సరైన ద్రాక్షసారా కూడా లేదనీ, మిగిలిన కొద్దిపాటిదీ రాజు తనొక్కడికే ఉంచుకోకుండా అందరికీ పంచమన్నాడనీ ఆ కాలపు చరిత్రకారుడు ఒకాయన రాశాడు. చివరికి సముద్రం మీంచి సాయం వచ్చాక బయటపడ్డాడు. గోడ పనిచేసింది, నది వైపు వాకిలీ పనిచేసింది.

1399. రెండో రిచర్డ్ రాజు ఐర్లండు నుంచి తిరిగొచ్చేసరికి అతని బంధువు హెన్రీ బోలింగ్‌బ్రోక్ రాజ్యం సగం లాగేసుకున్నాడు. రిచర్డ్ ఆగస్టులో కాన్వీకి చేరాడు. మంచి గోడ ఉంది, వెనక సముద్రం ఉంది, పడవెక్కి పోవచ్చు. నార్తంబర్లాండ్ ఎర్ల్ హెన్రీ పెర్సీ రాయబారిగా వచ్చి, మీకు ఏ హానీ జరగదని కోటలోని ప్రార్థనా మందిరంలో ప్రమాణం చేశాడు. దాన్ని నమ్మి రిచర్డ్ బయటికి వచ్చాడు. దారిలోనే పెర్సీ మనుషులు చుట్టుముట్టారు. ఫ్లింట్ కోటలో హెన్రీ చేతికి అప్పగించారు, రాజ్యం పోయింది, మరుసటి ఏడు ఖైదులోనే ప్రాణమూ పోయింది.

ఆ ప్రార్థనా మందిరం బురుజు ఇప్పటికీ ఉంది. గోడ మందంలోకి తొలిచిన చిన్న గది, చుట్టూ సన్నటి రాతి తోరణాలు, మూడు పొడవాటి కిటికీలు. కోటలో అన్నిటికంటే సున్నితంగా చెక్కిన చోటు అదే. లోపలికి వెళ్తే గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

ఇక 1401. ఇది వెల్ష్ వాళ్ల కథ. వెల్ష్ నాయకుడు ఓవెన్ గ్లిన్‌డూర్ ఇంగ్లండు మీద లేపిన తిరుగుబాటు నడుస్తోంది. ఆంగ్లెసీ దీవి నుంచి ఇద్దరు అన్నదమ్ములు, రీస్ ఆప్ టుడుర్, గ్విలిం ఆప్ టుడుర్, గ్లిన్‌డూర్‌కి దగ్గరి బంధువులు. గుడ్ ఫ్రైడే రోజున కోటలోని సిపాయిలు ఊళ్లో చర్చికి వెళ్లారు. ద్వారం దగ్గర ఇద్దరే కావలి. వడ్రంగి పనికి వచ్చామని లోపలికి దూరి కావలివాళ్లని చంపి తలుపులు తెరిచారు. అప్పుడు కోట బలగం 75 మంది. ఎనిమిది బురుజులు, నాలుగు మీటర్ల గోడలు, పైనుంచి రాళ్లు వదిలే కన్నాలు, వేటికీ పని పడలేదు. దాదాపు మూడు నెలలు కోట వాళ్ల చేతిలోనే ఉంది. రాజు వైపు నుంచి బేరానికి వచ్చింది పెర్సీ కొడుకు, హాట్‌స్పర్ అని పేరుపడ్డ హెన్రీ పెర్సీ. క్షమాభిక్ష తీసుకుని అన్నదమ్ములు దిగొచ్చారు, కానీ తమ వాళ్లు తొమ్మిదిమందిని ఉరికి అప్పగించారు. ఆ భాగం చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నా మాట ఏమిటంటే, ఈ కోటని రాయి బద్దలుకొట్టి గెలిచినవాడు మధ్యయుగంలో ఒక్కడూ లేడు. ప్రమాణంతో ఒకసారి, వడ్రంగి వేషంతో ఇంకోసారి పోయింది.

లక్ష్మి_టీచర్_నాగోల్ · ఆదివారం, ఉదయం 7:50

ఆ అన్నదమ్ముల ఇంకో తమ్ముడు మరెడిద్. ఆయన కొడుకే ఓవెన్ ట్యూడర్, ఓవెన్ మనవడే 1485లో ఇంగ్లండు సింహాసనం ఎక్కిన ఏడో హెన్రీ. వేల్స్‌ని తొక్కిపెట్టడానికి కట్టిన కోటని పట్టుకున్నవాళ్ల ఇంటిపేరే ఎనబై ఏండ్ల తర్వాత ఇంగ్లండు రాజవంశం పేరయింది. నా క్లాసులో పిల్లలు ఇది విన్నప్పుడు చప్పట్లు కొడతారు.

ఇసుక_సున్నం · ఆదివారం, ఉదయం 9:12

వేణు గారూ, ఒక్కచోట మీతో విభేదిస్తాను. గోడ నిలిచిందన్నారు, నిజమే. కోట అంటే గోడ ఒక్కటే కాదు కదా. పైకప్పు, అంతస్తుల దూలాలు, తలుపులు, వంతెన, ఇవన్నీ చెక్కే. సముద్రపు గాలిలో చెక్క ఎన్నాళ్లు ఉంటుంది? ఇప్పుడు ఫొటోల్లో చూస్తే బురుజుల లోపల అంతస్తులే లేవు, గోడల్లో దూలాల గూళ్లు మాత్రం ఉన్నాయి. రాయి మిగిలిందంటే కోట మిగిలినట్టు కాదు.

సింధు_బ్యాంగర్ · ఆదివారం, ఉదయం 10:40

ఇంజనీరు గారు గురి చూసి కొట్టారు. కోట పూర్తయిన 34 ఏళ్లకి, 1321లో చేసిన తనిఖీలోనే కప్పులు కారుతున్నాయి, చెక్క కుళ్లింది, సామాను సరిగా లేదు అని రాశారు. కట్టడానికి డబ్బు కుమ్మరించిన రాజ్యం మరమ్మతుకి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుంది.

1343లో కోట అప్పటి ఇంగ్లండు రాజు పెద్ద కొడుకు, బ్లాక్ ప్రిన్స్ అని పేరుపడ్డ ఎడ్వర్డ్ చేతికి వచ్చాక కదలిక వచ్చింది. 1346-47లో పెద్ద హాలు పైకప్పుకి చెక్క దూలాలు తీసేసి రాతి కమానులు నిలబెట్టారు. ఎందుకంటే కప్పు మీద సీసపు రేకులు, వాటి బరువు మామూలుది కాదు. ఆ కమానుల్లో ఒకటి హాలులో ఇప్పటికీ నిండుగా నిలబడి ఉంది. కప్పు పోయింది, నేల పోయింది (ఇప్పుడు కింద నేలమాళిగలోకి చూస్తాం), ఆ ఒక్క కమాను మాత్రం గోడ నుంచి గోడకి గాలిలో వంగి ఉంది. ఇంజనీరు గారూ, మీరు వస్తే దాని ముందు గంట నిలబడతారు. కమాను పాదాలు గోడలోకి ఎలా దిగాయో, పాత కట్టుబడికీ కొత్తదానికీ అతుకు ఎక్కడుందో దగ్గరికి వెళ్లి చూడవచ్చు.

ఇసుక_సున్నం · ఆదివారం, ఉదయం 11:05

సీసపు రేకులా! అయితే కోట ఎలా పాడైందో ఊహించగలను. తర్వాత ఎవరో ఆ సీసం కోసం కప్పు ఊడదీసి ఉంటారు.

వేణు_చెస్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

అచ్చంగా అదే జరిగింది.

1627లో మొదటి ఛార్లెస్ కోటని ఎడ్వర్డ్ కాన్వే అనే ప్రభువుకి 100 పౌండ్లకి అమ్మేశాడు. కట్టడానికి అయిన ఖర్చు పైన రాశాను, పక్కపక్కన పెట్టి చూసుకోండి. రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం వచ్చేసరికి కాన్వీ వాడే అయిన జాన్ విలియమ్స్, యార్క్ ఆర్చ్‌బిషప్, సొంత డబ్బుతో కోటని బాగుచేయించి రాజు పక్షాన నిలబెట్టాడు. 1645లో రాజు ఆయన్ని కాదని జాన్ ఓవెన్‌ని కోట అధికారిగా వేశాడు. ఆ అవమానంతో ఆర్చ్‌బిషప్ పార్లమెంటు వైపు తిరిగాడు. 1646 ఆగస్టులో పార్లమెంటు సేనాని థామస్ మిటన్ ఊరు పట్టుకున్నాడు, నవంబరులో కోట లొంగింది. అప్పటికి ఫిరంగుల కాలం వచ్చేసింది, కానీ ఇక్కడ కూడా లోపలివాళ్ల తగాదా ముందు పని చేసింది.

1655లో మళ్లీ యుద్ధానికి పనికిరాకుండా చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. 1665లో కోట సొంతదారు, అదే కాన్వే కుటుంబంలోని వాడు, కప్పుల మీది సీసం, ఇనుము ఊడదీయించి అమ్ముకున్నాడు. ఊరి పెద్దలు వద్దని మొరపెట్టుకున్నా వినలేదు. కప్పు లేని గోడల మధ్య వాన కురిస్తే ఏమవుతుందో ఇంజనీరు గారు చెప్పనే చెప్పారు.

గుంటూరు_పెద్దాయన · ఆదివారం, మధ్యాహ్నం 3:30

సొంతదారే కొల్లగొట్టాడన్నమాట. మన దగ్గరా కోటల రాళ్లు ఊళ్లో ఇళ్లలోకి పోయిన సంగతి ఎరుగుదును. విని బాధ కలిగింది. ఊరి ప్రాకారం మాట మధ్యలో వదిలేశారు, అది చెప్పండి.

సింధు_బ్యాంగర్ · ఆదివారం, సాయంత్రం 4:15

చెబుతానండీ, నాకు కోటకంటే ప్రాకారమే ఇష్టం. పైకెక్కి చాలా దూరం నడవవచ్చు, టికెట్ లేదు.

బురుజులకి ఊరి వైపు గోడ ఉండదు, వెనక తెరిచి ఉంటాయి. బురుజు మీద నడకదారిని కలిపేది చెక్క వంతెన. శత్రువు ఒకచోట గోడ ఎక్కాడనుకోండి, అటూఇటూ బురుజుల దగ్గర వంతెన చెక్కలు లాగేస్తే వాడు ఆ ముక్క గోడ మీదే ఇరుక్కుపోతాడు. వెనక తెరిచి ఉంది కాబట్టి వాడు బురుజులో తలదాచుకుని మన మీదకి బాణం వెయ్యలేడు. ఖర్చూ తగ్గింది, రక్షణా పెరిగింది.

ప్రాకారం ద్వారాల్లో ఒకటైన మిల్ గేట్ పక్కన తల ఎత్తితే గోడ పైభాగంలో వరసగా 12 రాతి గూళ్లు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అవి మరుగుదొడ్లు. రాజు కచేరీ గుమస్తాల కోసం కట్టినవి. మధ్యయుగపు ప్రభుత్వం అంటే కత్తులూ గుర్రాలే కాదు, లెక్కలు రాసేవాళ్ల దండు కూడా అని అంత సూటిగా చెప్పే రాయి నాకు ఇంకెక్కడా కనపడలేదు. ఈ కోట చరిత్ర మనకి ఇంత వివరంగా తెలుస్తోందంటే ఆ గుమస్తాల పుణ్యమే.

నిర్వాహకులు_కోటలు · ఆదివారం, సాయంత్రం 6:00

ఈ చర్చని "విదేశీ కోటలు" విభాగంలో పైన నిలిపి ఉంచుతున్నాం. ఫొటోలు పెట్టేవాళ్లు ఏ బురుజో పేరు రాయండి.

పొన్నూరు_కుర్రోడు · ఆదివారం, రాత్రి 8:10

వచ్చే శనివారం మా రూమ్మేట్స్‌తో వెళ్తున్నాం, లివర్‌పూల్ నుంచి రైల్లో. ఏ వరసలో చూడమంటారు? ఫొటోల్లో ఒక బురుజు కింద రాయి కొత్తగా కనిపిస్తోంది, అది ఏంటి?

వేణు_చెస్టర్ · ఆదివారం, రాత్రి 9:25

ముందు కోటలోకి వెళ్లకండి. ఎగువ ద్వారం దగ్గర ప్రాకారం ఎక్కి ఊరినీ కోటనీ కలిపి ఒకసారి చూడండి, రెండూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయని అక్కడ అర్థమవుతుంది. తర్వాత పడమటి వాకిలి, తల ఎత్తడం మర్చిపోవద్దు. హాలులో కమాను, మధ్య బావి, లోపలి ఆవరణలో రాజు గదులు, ప్రార్థనా మందిరం. చివరికి తూర్పు వాకిలిలోకి దిగి నది చూడండి. నీళ్లలోకి వెళ్లే పాత దారి లేదు, 1826లో టెల్ఫోర్డ్ అనే ఇంజనీరు వేలాడే వంతెన కట్టినప్పుడు ఆ భాగం పోయింది. వంతెన స్తంభాలు కోట బురుజుల్లా కట్టించాడు, పోయినదానికి అది సరిపోదు కానీ పనితనం మంచిదే. పక్కనే 1848 నాటి స్టీఫెన్‌సన్ రైలు వంతెన, ఇనుప పెట్టెలోంచి రైలు వెళ్తుంది. మీరు వచ్చేది దాని మీదే.

కొత్త రాయి కనిపించేది బేక్‌హౌస్ బురుజు. కోట పాడుబడ్డాక జనం దాని మొదట్లో రాయి తవ్వుకుపోయారు, బురుజు ముందుభాగం కూలి పెద్ద గండి పడింది. 19వ శతాబ్దంలో రైలు కంపెనీ దాన్ని పూడ్చి కట్టింది. చెస్టర్ వైపు నుంచి వస్తుంటే కుడిచేతి కిటికీ పక్కన కూర్చోండి. ఇనుప పెట్టె దాటగానే ఆ బురుజు పట్టాల పక్కనే వస్తుంది, అతుకు వేసిన చోటు రైల్లోంచే కనిపిస్తుంది.